నడికట్టు

"పుచ్చకాయ తిండి కిందకి వస్తది గానీ నీళ్ళ కిందకి ఎట్టా వస్తదే?" అని మా అత్తయ్య రాహేలమ్మ అప్పటికి మూడోసారి అడుగుతోంది.

"కొరికితే కారుతోందిగా నాయనమ్మా. కారేవన్నీ నీళ్ళే," అంది కెజియా. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న మా అమ్మాయిది ఇంట్లో నీళ్ళ పెత్తనం. వాళ్ళ నాన్నకి రోజుకి ఏడు వందల మిల్లీలీటర్లు. సీసా మీద మార్కరుతో గీతలు గీసింది కూడా తనే.

"అట్టాగైతే అన్నంలో నీళ్ళు లేవా? ఇడ్లీలో లేవా? వాడు తిన్నది రెండంటే రెండు ముక్కలు."

"మూడు," అన్నాను వంటగదిలోంచి.

"మూడోది సగమే," అన్నారు మా ఆయన. "అందులోనూ గింజలు పోను ఏముంది?"

"చూశావా, వాడే ఒప్పుకున్నాడు, రెండున్నర. దానికే కోర్టులో బోనెక్కించినట్టు ఎక్కించారు తల్లీకూతుళ్ళు."

కెజియా అదే మందాన ముక్కలు రెండున్నర కోసి, వంటింటి కాటా మీద పెట్టి తూచింది. సీసాలో అన్ని నీళ్ళు తగ్గించమని వాళ్ళ నాన్నకి చెప్పింది. ఆయన సీసా తీసుకుని వరండాలోకి వెళ్ళి, కనకాంబరం కుండీలో గీత దాకా వంపారు. మట్టి ఆ నీళ్ళని పీల్చుకుంటుంటే చాలాసేపు అక్కడే నిలబడి చూశారు. అత్తయ్య ఆ ముక్కల పళ్ళెం తీసి ఆవుకి పెట్టొస్తానని వీధిలోకి పోయింది.

పద్నాలుగు నెలలుగా మా ఇంట్లో పోట్లాటలన్నీ ఇలాంటివే. ఆయన పేరు దేవసహాయం. గుంటూరు కొత్తపేటలో ప్యాంట్లూ కోట్లూ కుట్టే షాపు. గుండెలో ఒక వాల్వు పాడైతే మార్చారు. గుండె బాగుపడింది. మూడో రోజుకి కిడ్నీలు ఆగిపోయాయి. ఆ తర్వాత ఆయనకి మూత్రం చుక్క రాలేదు. వారానికి మూడు పొద్దులు డయాలసిస్ మిషను మీద పడుకుని వస్తారు.

నేను పని చేసేది ఆ ఆసుపత్రిలోనే. గుండె ఆపి ఆపరేషన్ చేసేంతసేపు రక్తాన్ని ఒంట్లో తిప్పడానికి ఒక పంపు ఉంటుంది. దాని దగ్గర కూర్చునేది నేను. థియేటర్లో అందరూ పంపు మేడమ్ అంటారు. సొంతవాళ్ళకి పంపు నడపకూడదనేది మా దగ్గర పద్ధతి. అందుకని ఆయన ఆపరేషన్ రోజు నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపలినుంచి మా జూనియర్ అరగంటకోసారి వచ్చి, "సంచిలో బాగా పడుతోందక్కా, నీకేం భయం లేదు," అని చెప్పి వెళ్ళింది. మూత్రం పడుతుంటే కిడ్నీ బాగున్నట్టేనని మేమంతా నమ్మేవాళ్ళం. పంపులో పోసే మందు వల్ల ఊపిరాడని కిడ్నీ కూడా కాసేపు మూత్రం పోస్తుందని పుస్తకాల్లో చదివి ఉన్నాను. చదివి ఉండీ ఆ రోజు సంచినే నమ్మాను.

ఆ తర్వాతే ఫర్హీన్ తెచ్చిన పరికరం వెంట పడ్డాను. ఫర్హీన్ మా ఆసుపత్రి ప్రయోగశాలలో ఇంజినీరు, ముప్పై ఏళ్ళ పిల్ల. ఆ పరికరం కోయకుండా, గుచ్చకుండా నడుం మీదనుంచి లోపలికి వెలుగు పంపుతుంది. ఆ వెలుగు తగిలితే రక్తం పిసరంత ఉబ్బి పిసరంత చప్పుడు చేస్తుంది. ప్రాణవాయువు నిండుగా ఉన్న రక్తం చప్పుడు ఒకలా, లేని రక్తం చప్పుడు ఇంకోలా ఉంటుంది. ఆ చప్పుడు విని, కిడ్నీకి ఊపిరి ఎంత అందుతోందో ఒక అంకెగా చిన్న తెర మీద చూపిస్తుంది. అంకె పడిపోతే పంపు వేగం పెంచాలి. అంతే. అయితే చెమటకీ మందు నీళ్ళకీ, నడుం మీద అతికించే దాని బిళ్ళలు ఊడి పడేవి. మా ఆయన ఒకనాడు నేను తెచ్చిన బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి జిగురు కాదు, కుట్టు కావాలి," అన్నారు. రెండు వరసల నల్లగుడ్డ, మధ్యలో మెత్తటి అస్తరు, నడుం ఒంపుకి సరిపోయేలా రెండు చీలికలు పెట్టి నడికట్టు కుట్టారు. ఆసుపత్రిలో దాన్ని బెల్టు అంటారు. ఆయన మాత్రం నడికట్టు అనే అంటారు.

పరికరానికి సున్నా కావాలని ఫర్హీన్ అడిగింది. అసలు ఊపిరి లేని కిడ్నీ మీద పెట్టి, అదీ సున్నా అని దానికి నేర్పాలి. మూత్రం పూర్తిగా ఆగిపోయిన రోగిని ఒకరిని చూడమంది. ఎవరినో వెతకడం ఎందుకని ఒక ఆదివారం మా ఇంట్లోనే, మంచం మీద ఆయన్ని బోర్లా పడుకోబెట్టి సున్నా తీశాను.

"ఎంతొచ్చింది?" అన్నారు దిండులోంచి.

"మీ మీద ఎంతొస్తే అదే సున్నా."

"మంచిదేలే. చిన్నప్పుడు లెక్కల మాస్టారు ఇదే చెప్పాడు," అని నవ్వారు.

పుచ్చకాయ గొడవ జరిగిన రోజే థియేటర్లో నాకు అక్షింతలు పడ్డాయి. బెల్టు పెట్టిన పదో ఆపరేషన్ అది. అంకె పద్దెనిమిది దగ్గర ఆడుతోంది. ముప్పై పైన ఉంటే భయం లేదు, ఇరవై కిందకి వస్తే కిడ్నీ ఉక్కిరిబిక్కిరి అవుతున్నట్టు లెక్క. నేను పంపు పెంచాను. అంకె కదల్లేదు. ఇంకా పెంచాను. కుట్లలోంచి రక్తం ఊరింది.

"సువార్తమ్మా, నేను కుట్టాలా, తోడాలా?" అన్నారు పెద్ద డాక్టరు పద్మనాభం గారు తల ఎత్తకుండా. "నిన్నా ఇంతే, మొన్నా ఇంతే. రెండు సీసాల రక్తం అదనంగా ఎక్కించాల్సి వచ్చింది. ఆ మనిషి కిడ్నీలేమో గుర్రాల్లా ఉన్నాయి. నీ బెల్టు ఊరికే ఏడుస్తోంది."

సాయంత్రం ఫర్హీన్ పది మంది అంకెలూ ముందేసుకుని కూర్చుంది.

"అందరికీ ఒకేలాగ తక్కువ చూపిస్తోందక్కా. సున్నా తప్పు. ఎవరి మీద తీశారు?"

"మా ఆయన మీద."

"అయితే మేక కిడ్నీ మీద మళ్ళీ తీద్దాం," అంది ఫర్హీన్. మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వస్తూ మస్తాన్ మాంసం కొట్టు దగ్గర ఆగాను. "కిడ్నీలా? వేపుడికా మేడమ్? కొంచెం లివరు కూడా వేస్తా, బాగుంటది," అన్నాడు. వద్దన్నాను. మేక కిడ్నీలు రెండు పొట్లం కట్టించుకుని తిన్నగా ప్రయోగశాలకి వెళ్ళాను. ఫర్హీన్ వాటిని ఉప్పునీళ్ళ గిన్నెలో పెట్టి, పైన మాంసం పొర కప్పి, దాని మీద బెల్టు పరిచింది. తెర మీద అంకె తిరిగి తిరిగి నిలబడింది.

మైనస్ తొమ్మిది.

రెండోది పెట్టింది. మైనస్ తొమ్మిది.

"నిజం సున్నా ఇదక్కా," అంది నెమ్మదిగా. "అంటే బావగారు సున్నా కాదు. తొమ్మిది."

తొమ్మిదంటే ఏమిటని నేను అడగలేదు. మేక కిడ్నీలు పారేయడానికి మనసొప్పక పొట్లం కట్టి ఇంటికి తెచ్చి, ఫ్రిజ్‌లో పెట్టాను. అత్తయ్య వాటిని చూసి, ఏమీ తెలియక, మిరియాలేసి వేయించింది.

కిడ్నీ డాక్టరు తులసీరామ్ గారు మూడుసార్లు బెల్టు తిప్పి తిప్పి పెట్టించారు. ఎడమ కిడ్నీలోనే ఆ తొమ్మిది ఉంది. "చచ్చిపోలేదు, నిద్రపోతోందనుకుందాం," అన్నారు. "డయాలసిస్‌లో మేం నీళ్ళు గబగబా లాగేస్తాం. లాగినప్పుడల్లా బీపీ పడిపోయి దాని పీక మళ్ళీ నొక్కినట్టు అవుతుంది. నాలుగ్గంటల పని ఏడు గంటలకి సాగదీసి, వారానికి ఆరు రోజులు చేద్దాం. బెల్టు నడుముకే ఉండాలి. అంకె జారితే మిషను నెమ్మది చేస్తాం. ఇరవై ఐదు దాకా వస్తే నాలుగు రోజులు మిషను ఆపి చూడొచ్చు. పని ఇస్తేగానీ అది లేవదు. కానీ ఆ నాలుగు రోజుల్లో నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కితే ప్రమాదం. అందుకే ఇరవై ఐదుకి ముందు నాకు ధైర్యం చాలదు."

సున్నా సరిచేసి రిపోర్టు ఇచ్చేదాకా థియేటర్లో బెల్టు వాడకూడదని ఆసుపత్రి కమిటీ ఆపేసింది. ఉన్నది ఒక్క బెల్టు. రెండోదాని సామాను రావడానికి నాలుగు నెలలు పడుతుంది. ఎలాగూ ఖాళీగా ఉంది కదా, వాడుకోండి అన్నారు పద్మనాభం గారు.

షాపు పనంతా చిన్న టైలరుకి అప్పజెప్పి ఆయన రోజూ పొద్దున్నే నాతో ఆసుపత్రికి రావడం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి అంకె పదకొండు. నెలకి పదహారు. కెజియా క్యాలెండరు మీద తేదీ పక్కన అంకె రాసేది. అత్తయ్య శుక్రవారం ఉపవాస ప్రార్థనకి పోయి, ఆడవాళ్ళందరి ముందూ లేచి నిలబడి, మా అబ్బాయికి పదహారొచ్చింది, ప్రార్థన చేయండమ్మా అందట. పదహారేంటో వాళ్ళకి తెలియకపోయినా చేశారట.

ఆయన మాత్రం మారిపోయారు. పద్నాలుగు నెలలు దాహాన్ని కుక్కపిల్లలా కాళ్ళ దగ్గర కూర్చోబెట్టుకున్న మనిషి, ఇప్పుడు మున్సిపల్ పంపు చప్పుడు వినపడితే కుట్టే చెయ్యి ఆపేస్తున్నారు. ఒకనాడు మంచం మీద నా పక్కన కూర్చుని అన్నారు: "దాహం కాదు సువార్తా. దాహాన్ని ఎట్టాగో ఓర్చుకుంటన్నా. సినిమాలో ఇంటర్వెల్ ఇవ్వగానే మగాళ్ళంతా తోసుకుంటా పోతారు చూడు. నేనొక్కణ్ణే సీట్లో కూర్చుంటా. అట్టా ఒక్కసారి, ఆగలేక లేచి పోవాలనిపించాలి. నిన్న కల్లో వచ్చింది. లేచి చూసుకున్నా. ఏం లేదు."

నేను ఆయన వేళ్ళు పట్టుకున్నాను. సూదిపోట్లతో గట్టిపడ్డ వేళ్ళు. "ఇవాళ పంతొమ్మిది," అన్నాను.

"నా మొహం చూసి చెప్తన్నావా, తెర చూసి చెప్తన్నావా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

రిపోర్టులో నేను రాయాల్సింది పంపు లెక్కల భాగం. పది ఆపరేషన్లలో సరైన సున్నాతో అంకె ఎంత ఉండాలో, పంపు ఎంత నడిపి ఉంటే సరిపోయేదో తిరగరాయాలి. ఒక మంగళవారం సాయంత్రం వంటగదిలో, బియ్యం నానుతుండగా అది పూర్తయింది. చివరి పేజీ చదువుకున్నాను. ఒక్క మీట నొక్కితే ఫర్హీన్‌కి వెళ్ళిపోతుంది. వెళ్ళిపోతే బెల్టు ఆ గురువారమే థియేటర్లో ఉంటుంది. లాప్‌టాప్ మూసి, బియ్యం కడిగాను.

"అక్కా, మీ భాగం ఎందాకా వచ్చింది?" అని ఫర్హీన్ అడిగితే, "ఇంకొంచెం ఉందమ్మా," అన్నాను. రెండోసారి అడిగినప్పుడు కూడా అదే అన్నాను. మూడోసారి తను అడగలేదు.

ఇరవై వచ్చింది. ఇరవై ఒకటి వచ్చింది. అక్కడ ఆగిపోయింది. రోజూ పొద్దున నేను పంపు దగ్గర కూర్చుని, సంచి వైపు చూస్తూ, పడుతోంది, పడుతోంది అనుకునేదాన్ని. మధ్యాహ్నం కిందికి దిగి డయాలసిస్ గదిలో ఆయన మంచం పక్కన తెర చూసేదాన్ని. ఇరవై ఒకటి.

ఆ శనివారం దిగేసరికి ఆయన పక్క మంచం మీద ఒక పెద్దాయన ఉన్నాడు. పన్నెండు రోజుల కింద ఆ పెద్దాయనకి పంపు నడిపింది నేనే. పేరు ఏడుకొండలు, పొన్నూరు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగిపోయిన మనిషి. ఆపరేషన్ రోజున సంచి నిండుగానే ఉంది. రెండో రోజు మూత్రం తగ్గిందని విన్నాను. ఆ తర్వాత విచారించలేదు.

"తమ్ముడూ, నీకు రోజుకి ఎన్ని నీళ్ళిస్తారు?" అని అడుగుతున్నాడు మా ఆయన్ని.

"ఏడొందలు."

"ఏడొందలేంది! ముప్పయ్యేళ్ళు బస్సులో రెండు లీటర్ల సీసా సంకలో పెట్టుకు తిరిగినోణ్ణి నేను. రేపల్లె రూట్లో ఎండాకాలం అదీ చాలేది కాదు. ఇది ఎన్నాళ్ళు తమ్ముడూ? వారమా, పది రోజులా?"

మా ఆయన చేతి మీది ప్లాస్టరు సర్దుకున్నారు. ఏడుకొండలు భార్య నన్ను చూసి లేచి నిలబడింది. పచ్చటి బక్క మనిషి, చేతిలో ఖాళీ గ్లాసు.

"మీరేగా పంపు మేడమ్? ఏదో బెల్టు ఉందంటగా అమ్మా, కిడ్నీలు పాడవకుండా చూసుకునేది? పైన నర్సమ్మ చెప్పింది. మా ఆయనకి ఎందుకు పెట్టలా?"

"రిపేరులో ఉందండీ," అన్నాను.

నా నోటినుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. మా ఆయన నన్నే చూస్తున్నారు. తర్వాత కుడిచెయ్యి కదిపి, దుప్పటిని నెమ్మదిగా నడుం పైకి, ఛాతీ దాకా లాక్కున్నారు. దుప్పటి కింద నల్లగుడ్డ అంచు కనపడకుండా పోయింది. తెరని కూడా గోడ వైపు తిప్పారు.

ఇంటికి వెళ్ళే ఆటో లాడ్జి సెంటరు దాటింది.

"ఎన్నాళ్ళయింది?" అన్నారు అప్పుడు.

"ఏంటి?"

"రిపేరు అయిపోయి."

ఆటో అద్దంలో డ్రైవరు కళ్ళు కనిపిస్తున్నాయి. నేను బయటికి చూస్తూ చెప్పాను. "పద్దెనిమిది రోజులు."

ఆయన తల ఊపారు, ఎవరో కొలతలు చెప్తే రాసుకునేటప్పుడు ఊపినట్టు. కోప్పడి ఉంటే బాగుండును. ఇంటికి రాగానే నడికట్టు విప్పి, చెమట తుడిచి, అస్తరు ఊడిన చోట రెండు కుట్లు వేశారు. తర్వాత వరండాలోకి పోయి ఎవరితోనో చాలాసేపు ఫోన్లో మాట్లాడారు.

మర్నాడు చర్చి నుంచి వచ్చాక నలుగురం భోజనాలకి కూర్చున్నాం. అత్తయ్య కోడికూర చేసింది. ఉప్పు లేకుండా ఆయనకి వేరే గిన్నెలో తీసింది.

"రేపు నడికట్టు థియేటరుకి పోతది," అన్నారు ఆయన, పెద్ద గిన్నె కెజియా వైపు జరుపుతూ.

"మరి నీకు?" అంది అత్తయ్య.

"తులసీరామ్ గారితో మాట్లాడా. రేపట్నించి నాలుగు రోజులు ఆసుపత్రిలోనే ఉంటా. మిషను ఎక్కను. కిడ్నీ లేస్తే లేస్తది. లేవకపోతే ఐదో రోజు మళ్ళీ ఎక్కుతా, ఎప్పటిలాగే వారానికి మూడు రోజులు. ఆయన వద్దనే అన్నారు. లేస్తదో లేవదో సగం సగం అన్నారు. నేనే ఒప్పించా."

కెజియా కంచంలో చెయ్యి ఆపేసింది. "ఇరవై ఒకటేగా డాడీ! ఇరవై ఐదు రావాలన్నారుగా. బెల్టు కూడా లేకపోతే లోపల ఏం జరుగుతుందో ఎట్టా తెలుస్తది?"

"ఒంటికొస్తే మీ అందరికంటే ముందు నాకు తెలవదా ఏందే?"

కెజియా పక్కున నవ్వింది. నవ్వుతూనే ఎడం చేత్తో కళ్ళు తుడుచుకుంది. అత్తయ్య నవ్వలేదు.

"ఊపిరాడకపోతే?"

"మిషను పక్క గదిలోనే ఉంటది అమ్మా."

"అంత తొందరేంది నాయనా? ఇంకో నెల ఆగు. నాలుగు అంకెలే కదా, దేవుడు ఇవ్వకపోడు. ఆ బెల్టు ఇప్పుడు ఎవురడిగారని ఇచ్చేస్తన్నావు? రిపోర్టు అయిందాకా మన దగ్గరే ఉంచుకోవచ్చని సువార్త అందిగా?"

ఆయన ఎముక చివర మాంసం జాగ్రత్తగా ఒలుస్తున్నారు. తల ఎత్తలేదు. నా వైపు చూడలేదు. ఆ మాటకి జవాబు చెప్పే ఉద్దేశం ఆయనకి లేదని నాకు అర్థమైంది. నేను ఊరుకుంటే ఈ ఇంట్లో ఇంకెవరికీ ఎప్పటికీ తెలియదు. ఆ దారి ఆయన నాకు వదిలిపెట్టారు.

"రిపోర్టు పంతొమ్మిది రోజుల కిందటే అయిపోయింది అత్తయ్యా," అన్నాను. "ఇవ్వకుండా దాచాను. ఈ రోజుల్లో ఎనిమిది మందికి బెల్టు లేకుండా పంపు నడిపాను. వాళ్ళలో ఒకాయన ఇప్పుడు ఈయన పక్క మంచం మీద ఉన్నాడు. రేపు పొద్దున పెద్ద డాక్టరు గారికి రిపోర్టుతో పాటు ఈ సంగతి కూడా చెప్తాను. ఉద్యోగం ఉంచుతారో తీసేస్తారో వాళ్ళ ఇష్టం. అక్కణ్ణించి కిందికి దిగి, ఆ పెద్దాయన భార్యకి నేనే చెప్తాను."